కాలి కింద మీట

ఆ కళ్ళజోళ్ళ దుకాణంలో చిన్నకోడలిని వచ్చినవాళ్ళందరూ డాక్టరమ్మా అని పిలుస్తారు. ఆమె డాక్టరూ కాదు, ఏమీ కాదు. రెండేళ్ళ కళ్ళ పరీక్ష కోర్సు మంచి మార్కులతో పాసై, ఈ ఇంటికి కోడలిగా వచ్చి, పదకొండేళ్ళుగా దుకాణం వెనక గదిలో స్టూలు మీద కూర్చుని జనాల కళ్ళు చూస్తోంది. దుకాణం బావగారిది, అంటే ఆమె భర్తకు అన్నగారిది. భర్త పక్కనే అద్దాలు అరగదీసే మిషను దగ్గర ఉంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఏం అడిగినా "అన్నయ్య చెప్పాడుగా" అంటాడు. పైన ఇల్లు, ఇంట్లో అత్తగారు.

వెనక గదిలో ఒక గుట్టుంది. అక్షరాల పట్టికకు వెనక దీపం ఉంటుంది కదా, ఆ దీపం మీట గోడకు లేదు. చిన్నకోడలి స్టూలు కింద, కుడికాలికి అందేటట్టు ఉంది. బావగారి బుర్రలో పుట్టిన ఉపాయం. వచ్చినవాళ్ళు పాత కళ్ళజోడుతో చదివేటప్పుడు మీట వదిలేయాలి, దీపం మసగ్గా ఉంటుంది. కొత్త అద్దం పెట్టగానే నొక్కాలి, దీపం భగ్గుమంటుంది. అప్పుడు "ఎలా ఉంది?" అని అడిగితే ఎవరైనా ఏమంటారు? "అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందో!" అంటారు. ఇంకేం, కొత్త అద్దాలు, కొత్త ఫ్రేము. దండం పెట్టి మరీ తీసుకెళ్తారు.

ఇది తప్పని ఆమెకు తెలీదా అంటే, తెలుసు. మొదటి నెల అన్నం సహించలేదు. తర్వాత సహించింది. మనిషికున్న పెద్ద జబ్బే అది, దేనికైనా అలవాటు పడిపోవడం. ఆ మీట నొక్కాలా వద్దా అని ఆమె ఏ రోజూ నిర్ణయించుకోలేదు. పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చునేది, కాలు తన పని తాను చేసుకుపోయేది.

ఆ బుధవారం పొద్దున కాజాలావిడ వచ్చింది. దర్జీ దుకాణంలో ఇరవై ఏళ్ళుగా కోట్లకు చేత్తో కాజాలు కుట్టే మనిషి. రెండేళ్ళలో ఇది నాలుగోసారి రావడం.

"మళ్ళీ తలనొప్పి డాక్టరమ్మా. ఇక్కడ కూర్చుంటే చక్కగా కనిపిస్తుంది. ఇంటికెళ్తే మామూలే. నా కళ్ళే అయిపోతున్నాయి."

"ఏం కాదులెండి, చూద్దాం" అంటూ చిన్నకోడలు పరీక్ష ఫ్రేము ఆవిడ ముక్కు మీద పెట్టబోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ళ కొసల నిండా బొబ్బలు.

"ఏంటివి?"

"వంట. కళ్ళు మూసుకుని వండడం నేర్చుకుంటున్నా. ఊరికే ఇలా పవరు పెరుగుతుంటే ఇంకెన్నాళ్ళు కనిపిస్తుందిలే. కాజాల పని పోయిన నెలే మానేశాను. పూర్తిగా పోకముందే అలవాటు చేసుకుంటే ఎవరికీ బరువవను కదా." ఆవిడ గొంతు తగ్గించింది. "నిజం చెప్పు తల్లీ. ఇంకా ఎన్నాళ్ళుంది నాకు?"

ఆవిడ కళ్ళకు ఏ రోగమూ లేదు. నలభై దాటినవాళ్ళకు దగ్గర చూపుకు ఏ అద్దాలు కావాలో అవి తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఆ సంగతి తెలిసింది చిన్నకోడలు ఒక్కదానికే. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి. కోపం కూడా వచ్చింది. ముందు బావగారి మీద వచ్చింది, తర్వాత తన కాలి మీద. కాలేం చేస్తుంది పాపం, ఆఖరికి తన మీదే.

ఆమె స్టూలు మీంచి లేచింది. "మీరొచ్చి ఇక్కడ కూర్చోండి. కుడికాలు కిందికి పెట్టండి. మీట తగిలిందా? నొక్కండి. వదలండి. మళ్ళీ నొక్కండి."

దీపం వెలిగింది, తగ్గింది, మళ్ళీ వెలిగింది. కాజాలావిడ తనంతట తనే ఇంకోసారి నొక్కి చూసి ఆగిపోయింది.

"మీ కళ్ళు బాగున్నాయి. మీ మొదటి అద్దాలే మీకు సరిపోతాయి. ఇదంతా చేసింది నేను" అంది చిన్నకోడలు.

కట్టుకథ అయితే ఆవిడ ఇక్కడ కన్నీళ్ళు పెట్టుకుని ఈమెను కావలించుకోవాలి. కాజాలావిడ తన వేళ్ళు చూసుకుంది. "నా పని పోగొట్టావు కదే, నీ చేతులు పడిపోను" అని తలుపు ధడాలున తోసుకుని వెళ్ళిపోయింది. న్యాయమైన తిట్టే.

తలుపు చప్పుడుకి బావగారు పరిగెత్తుకొచ్చాడు. "ఏం చెప్పావమ్మా ఆవిడకు?"

"ఉన్నది చెప్పాను."

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా? పదకొండేళ్ళు నీ కంచంలోకి అన్నం ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావ్?"

"ఈ మీట కిందనించే వచ్చింది బావగారూ. అందుకే ఇక గొంతు దిగదు."

"ఏం, మనం విషం పెడుతున్నామా? అద్దం మారిస్తే ఎవరూ చావరు."

"చావరు. కళ్ళు మూసుకుని వంట చేసుకుంటారు."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేయించే ఓపిక ఆమెకూ లేదు. "ఇవాళ్టినుంచి నేను చూసిందే రాస్తాను. మార్చక్కర్లేకపోతే అక్కర్లేదనే రాస్తాను. ఆ మీట పీకించండి."

"పీకించను. నొక్కేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. నువ్వు స్టూలు ఖాళీ చెయ్యి."

పక్కన మిషను ఆగింది. భర్త ఇటు తిరిగాడు. ఆమె అతని మొహం చూస్తూ నిలబడింది. ఒక్కమాట, కనీసం ఒక్కమాట అంటాడేమోనని. "అన్నయ్య కోపంలో ఉన్నాడు" అన్నాడతను, మళ్ళీ మిషను వేసుకున్నాడు.

పరీక్షకు వాడే అద్దాల పెట్టె ఆమెదే. కోర్సు పాసైన రోజు నాన్న కొనిచ్చింది. దాన్ని చంకన పెట్టుకుని, చదువుకున్ననాటి కాగితం పట్టిక చుట్ట తీసుకుని, రోడ్డు దాటింది. ఎదురుగా ఒక మూతపడ్డ సైకిళ్ళ దుకాణం. పక్క టీ కొట్టువాణ్ణి అడిగి ఒక కుర్చీ తెచ్చుకుంది. దీపస్తంభానికి పట్టిక కట్టి, కాలిబాట వెంట ఆరు మీటర్లు అడుగులతో కొలుచుకుని, అక్కడ కుర్చీ వేసింది. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టె మూతకు ఆనించింది: "ఇక్కడ కళ్ళు చూస్తాం. అద్దాలు అమ్మం."

బావగారు గుమ్మంలోకొచ్చి అరిచాడు. "నడిరోడ్డు మీద పరీక్షేంటి? పిచ్చా వెర్రా?"

"ఎండకు మీట లేదు బావగారూ!" అని ఆమె ఇవతలినుంచి అరిచింది. టీ తాగేవాళ్ళు ఏంటా మీట అని అడిగారు. ఆమె కుండబద్దలు కొట్టినట్టు అంతా చెప్పేసింది, తన కాలితో సహా. వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, బావగారిని నానా మాటలన్నారు, ఈమెనూ అన్నారు. కుర్చీలో మాత్రం ఎవ్వరూ కూర్చోలేదు. పదకొండేళ్ళు మోసం చేసిన చేతికి కళ్ళెవరిస్తారు? గంట గడిచింది. ఆమెకు భయం వేసింది. స్టూలు పోయింది, సాయంత్రం ఏ మొహం పెట్టుకుని ఆ మెట్లెక్కాలో తెలీదు. అయినా కుర్చీ తియ్యలేదు.

అప్పుడు, పైనుంచి అంతా విన్న అత్తగారు మెట్లు దిగింది. మోకాళ్ళ నొప్పులతో నెలకోసారి కూడా కిందికి రాని మనిషి. "అమ్మా, నువ్వు చెప్తే వింటుంది, లోపలికి రమ్మను" అన్నాడు బావగారు. ఆవిడ కొడుకు వైపు చూడనైనా చూడకుండా, కర్ర పోటేసుకుంటూ రోడ్డు దాటింది.

"పోయినేడు నాకు అద్దాలు మార్చావు. గుర్తుందా?"

"ఉందత్తయ్యా."

"నాకూ నొక్కావా?"

చుట్టూ జనం. ఒక్క చిన్న అబద్ధమాడితే అత్తగారు తన వైపే ఉంటుంది. "నొక్కాను."

"పెద్దాడు నొక్కమన్నాడా?"

ఇది ఇంకా సులువైన అబద్ధం. జనమంతా నమ్ముతారు కూడా. "లేదు. ఆయనకు తెలీదు. నేనే నొక్కాను."

అత్తగారి దవడ బిగిసింది. కొడతుందేమో అనుకుంది చిన్నకోడలు, కొడితే పడదామని కూడా అనుకుంది. ఆవిడ కర్ర గోడకు ఆనించి కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పడేసుకుంది. "ఆ సంగతి ఇంట్లో తేలుద్దాం. ముందు సరిగ్గా చూసి ఏడు."

చిన్నకోడలు పరీక్ష ఫ్రేము పెట్టి, అందులో పోయినేడు మార్చకముందు ఆవిడకున్న పవరు అద్దాలు వేసింది. "చదవండత్తయ్యా."

అత్తగారు పైనుంచి మొదలుపెట్టింది. గొంతెత్తి, ఒక్కో అక్షరం విడివిడిగా, అవతలి గుమ్మం దాకా వినపడేటట్టు చదివింది. ఒక వరస, రెండు వరసలు, ఐదు వరసలు. ఒక్క తప్పు లేదు.

"అయిపోయిందా? కింద ఇంకో వరసుందిగా?"

"ఉందత్తయ్యా. కానీ అది మీకు కనిపించదు. మీ వయసుకు అంతే. ఏ అద్దం పెట్టినా కనిపించదు."

అత్తగారు ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"అయితే ఇవే మళ్ళీ చదువుతా. వాడికి వినపడిందో లేదో."