తోలు మీది మచ్చ

రాబందుల్ని చంపాడని శామ్యూల్‌ను ఫారెస్టు వాళ్లు జీపులో పడేసినప్పుడు ఎస్తేరమ్మ ఎద్దు తోలుకు ఉప్పు పట్టిస్తోంది. అది ఊరి పెద్దరైతు రంగప్ప ఎద్దు. అది చస్తే మూడు రోజుల కిందట ఎస్తేరమ్మ, ఆమె మొగుడు శామ్యూలే ఊరి బయటికి ఈడ్చి ఒలిచారు. దాన్ని తిన్న మూడు రాబందులు తలలు వాల్చి చచ్చాయి. శామ్యూలే విషం చల్లాడని ఆఫీసరు తేల్చేశాడు. మెడ దగ్గర సూది దిగి కమిలిన మచ్చను తోలు మీద చూపబోతే శామ్యూల్ చెంప పగిలింది. పక్షుల మీద ప్రేమ పొంగిన ఆ దొర రంగప్ప ఇంట్లో కాఫీ తాగి మరీ వెళ్లాడు.

పక్షులు చస్తే నష్టం ఎవరికి? అవి దిగితే గంటలో ఎముకలు తేలేవి. అవి తగ్గేకొద్దీ కుళ్లు పెరిగింది, కుక్కలు పెరిగాయి, కాట్లు పడింది వాడ పిల్లలకే. హిందూపురం నుంచి తెచ్చిన నొప్పి సూదులు పడిన గొడ్డును తిన్న పక్షే చచ్చేది, సూది పడని గొడ్డును తిన్నది బాగానే ఎగిరిపోయేది. అది తోలు ఒలిచే చేతులకు తెలుసు. ఆ చేతుల మాట వినేదెవడు?

సాయంత్రం చర్చి ముందు వాడంతా కూడింది. తప్పు ఒప్పుకుంటే విడిపిస్తానని రంగప్ప కబురు పంపాడు. పెద్దోళ్లతో మనకెందుకు, ఒప్పుకుందామన్నాడు ముసలి పోతులయ్య. ఎస్తేరమ్మ అడ్డుపడింది.

"ఈపొద్దు ఒప్పుకుంటే రేపు యాడ రాబందు సచ్చినా మనమే దొంగలమప్పా. ఎవురూ తాడు పట్టగాకండి. వాళ్ల గొడ్డును వాళ్లే ఈడ్చుకోనీ."

కూలి పోతుందన్నారు, బోరు నీళ్లు ఆపుతాడన్నారు. చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి పోతులయ్యే లేచి గొడ్లను ఈడ్చే తన తాడు తెచ్చి ఆమె ముందు వేశాడు.

వారానికే రంగప్ప బర్రె చచ్చింది. పిలిస్తే ఎవరూ కదల్లేదు. అన్నట్టే నీళ్లు ఆపాడు, కూలి ఆపాడు. మూడో రోజు ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని, పోలీసులను వెంటబెట్టుకుని వాడకొచ్చాడు. తాడు పట్టి ఈడ్చమని ఎస్సై ఎస్తేరమ్మను గద్దించాడు.

ఆమె తాడు తీసుకుంది. తీసుకెళ్లి రంగప్ప చేతిలో పెట్టింది.

"ఎద్దుకు సూది యేయించినోడివి నువ్వు. స్టేషన్లో ఆ మాట చెప్పు. అంతవరకు నీ బర్రెను నువ్వే ఈడ్చుకో."

ఆమెను జీపెక్కించారు. సూది మచ్చున్న ఉప్పు తోలు చంకలో పెట్టుకునే ఎక్కింది. పెనుకొండ స్టేషన్ దాకా ఎండలో వాడ జనమంతా జీపు వెనకే నడిచింది. తలల మీద ఒక్క రెక్క నీడ కూడా పడలేదు.

రంగప్ప గడప ముందు వాడవాళ్లు పడేసిపోయిన నలభై తాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. వాటి పక్కనే బర్రె ఉబ్బుతోంది.