నేత షెడ్డు చెవులు

కండెల అక్క పాదం మీదుగా నూలు పెట్టెల బ్యాటరీ బండి ఎక్కి దిగింది. నేను చూశాను. పది అడుగుల దూరంలో ఉన్నాను. డ్రైవరుని అనడానికి లేదు, హారన్ నొక్కుతూనే వచ్చాడు. అతని బొటనవేలు హారన్ మీదే ఉంది, నాకు కనిపిస్తోంది. కనిపిస్తోందంతే, వినపడటం లేదు. అక్కకీ వినపడలేదు. ఆమె బండికి వీపు పెట్టి, కండె మీద తెగిన దారం ముడి వేసుకుంటోంది.

అక్క అరిచింది. ఆ అరుపు కూడా మాకు నోరు తెరుచుకోవడంగానే తెలిసింది.

నాలుగో రోజున మరిది సైకిల్ వెనక కూర్చుని, కట్టు కట్టిన కాలితో గేటు దగ్గరికి వచ్చింది. గేటు మనిషి ఆమె చేతిలో ఒక కాగితం పెట్టాడు. అక్కకి చదువు రాదు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను కాబట్టి నన్ను చదవమంది. చదివాను. "ఈ కార్మికురాలి చెవులు పూర్తి ఆరోగ్యంగా ఉన్నట్టు రెండు నెలల కిందటి పరీక్షలో తేలింది. హారన్ విని కూడా తప్పుకోకపోవడం ఆమె అజాగ్రత్త. అందువల్ల పనిలోంచి తొలగించడమైనది."

"ఆరోగ్యంగానా?" అంది అక్క. "నా చెవులా?"

ఆమె చెవులు ఆరోగ్యమని ఎలా తేలిందో దాచకుండా చెప్పాలి. అందులో మా తప్పు ఉంది.

మా షెడ్డులో నూట ఇరవై మగ్గాలు ఒక్కసారే ఆడతాయి. చెవిలో నోరు పెట్టి అరిచినా మాట అందదు. అందుకని పనిలో చేరిన మొదటి నెలలోనే అందరం పెదాల మాట నేర్చుకుంటాం. గొంతు వాడం. నోరు మాత్రం కదుపుతాం. పిల్లకి జ్వరం తగ్గిందా, మేస్త్రీ వస్తున్నాడు చూసుకో, నీ కొప్పులో దూది ఉంది, ఇవన్నీ మూడు వరసల అవతలి నుంచి చెప్పుకుంటాం. అద్దాల గదిలో కూర్చుని మేనేజరు ఫోనులో ఎవరిని తిడుతున్నాడో మాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. ఇంటి నుంచి ఫోను వస్తే ఆయన ఎన్నిసార్లు "అలాగే, అలాగే" అంటాడో కూడా తెలుసు.

ఏడాదికోసారి చెవుల పరీక్ష పెడతారు. మిల్లు డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని మెల్లగా ఒక్కో మాట అంటాడు. తాళం. నీళ్ళు. మేడ. మనం తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే అన్‌ఫిట్. అన్‌ఫిట్ అంటే ఇంటికి. ఇంక మేం ఏం చేస్తాం? ఆయన పెదాలు చూసి చెప్పేస్తాం. సైరన్ పెద్దమ్మ అయితే ఆయన నోరు మూసేలోపే చెప్పేస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా షెడ్డులో ఉంది కదా, బయట కూడా అరుస్తూనే మాట్లాడుతుంది. అందుకే ఆ పేరు.

అలా ప్రతి ఏడూ అందరం పాసయ్యాం. అలా పాసయిన కాగితమే ఇప్పుడు కండెల అక్క కడుపు కొట్టింది.

ఎవరైనా ధైర్యం చేసి చెవిలో హోరు అని చెప్పుకుంటే డాక్టరు ఏదో ఒక రోగం రాసి పంపేవాడు. మూడు నెలల కిందట నేనూ చెప్పుకున్నాను. "కాన్పు తర్వాత ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలే. రక్తం తక్కువ, నిద్ర తక్కువ" అన్నాడు. నమ్మాను. నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

ఆ హోరు ఎలాంటిదంటే, కుక్కరు ఈల మొదలుపెట్టి ఇక ఆపడం మరిచిపోయినట్టు ఉంటుంది. మగ్గాలు ఆగినా అది ఆగదు. మా పాపకి ఏడు నెలలు. ఒకరోజు పక్క గదిలో గుక్కపట్టి ఏడుస్తుంటే నేను బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. మా అత్త పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది. "తల్లివా, బండరాయివా?" అంది. ఆ మాట మాత్రం బాగా వినపడింది. ఆ మర్నాటి నుంచి పాపని పడుకోబెడితే దాని కాలికి వదులుగా ఒక దారం కట్టి, రెండో కొస నా వేలికి చుట్టుకుని పని చేసుకునేదాన్ని. కాలు కదిపితే తెలుస్తుంది కదా అని. ఉద్యోగం పోతే దానికి పాలు ఎక్కడివి, ఉద్యోగం ఉంటే దాని ఏడుపు నాకు ఎక్కడిది. ఈ రెంటి మధ్యా నలిగిపోయేదాన్ని.

ఆదివారం కండెల అక్క ఇంట్లో పద్నాలుగు మందిమి కూడాం. కూర్చోవడానికి చోటు లేక సగం మంది గుమ్మం బయట నిలబడ్డారు.

"మన వేలితో మన కన్నే పొడుచుకున్నాం," అన్నాడు ఫిట్టరన్న. మగ్గాలు బాగుచేసే మనిషి. "వినపడకపోయినా వినపడిందని చెప్పి మేనేజరుకి సాక్ష్యం మనమే ఇచ్చాం."

"నువ్వు ఇవ్వలేదా?"

"ఇచ్చాను. అందుకే మనం అంటున్నాను."

డాక్టరు రాసిచ్చిన చీటీలు అందరం తెచ్చుకున్నాం. చాప మీద పరిచాం. నేను చదివాను. ఒకరికి గుబిలి. ఒకరికి షుగరు. ఒకరికి బీపీ. ఒకరికి చిన్నప్పటి చెవి చీము. ఒకరికి ఎప్పుడో వేయించుకున్న ఇంజెక్షన్లు. ఒకరికి వంశం. సైరన్ పెద్దమ్మకి వయసు. నాకు కాన్పు. ఎక్కడా మగ్గం అన్న మాట లేదు.

"ఒక్క షెడ్డులో ఇన్ని రోగాలా," అంది పెద్దమ్మ. "నేతపని అనుకుని చేరాం, ఇది రోగాల సంతలా ఉందే."

"నవ్వకు పెద్దమ్మా. నిజంగా రోగాలే అయితే?" అన్నాను.

"అయితే అయినట్టు తేల్చుకుందాం. మిల్లు డబ్బు తినని డాక్టరుతో," అంది పెద్దమ్మ.

సర్కారు ఆసుపత్రిలో చెవుల డాక్టరమ్మ ఉంది. బుధవారం పద్నాలుగు మందిమీ సెలవు పెట్టి వెళ్ళాం. ఆమె నన్ను ఒక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, తలుపు బిగించి, చెవులకి గిన్నెల్లాంటివి తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చింది. శబ్దం వినపడితే నొక్కాలి. తను పక్కకి తిరిగి కూర్చుంది. చూడటానికి పెదాలు లేవు. బడిలో కాపీ కొట్టి పాసయిన పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెట్టి పరీక్ష రాయించినట్టుంది.

అందరివీ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుంది. "మీ చీటీల్లో రాసినవన్నీ అబద్ధాలని నేననను," అంది. "చెవి పోవడానికి చాలా దారులున్నాయి. గుబిలి అడ్డుపడుతుంది. చీము పడితే కర్ణభేరికి చిల్లు పడుతుంది. కొన్ని మందులు, షుగరు, వయసు, వంశం, తలకి దెబ్బ, అన్నీ ఉన్నాయి. అందుకే అందరినీ విడివిడిగా చూశాను."

ఇద్దరికి నిజంగానే షుగరు ఉంది. ఒకావిడకి చీము ఉంది, మందు రాసిచ్చింది. ఫిట్టరన్న కుడిచెవిలోంచి ఎన్నేళ్ళ కిందటిదో తెలియని దూది ఉండ గుబిలితో సహా బయటికొచ్చింది. చప్పుడు ఆగుతుందని మేమంతా దూది కుక్కుకుంటాం, అతను తీయడం మరిచిపోయాడు.

"దాచుకో అన్నా, దిండు కుట్టించుకోవచ్చు," అంది పెద్దమ్మ.

డాక్టరమ్మ కూడా నవ్వింది. తర్వాత కాగితాలన్నీ వరసగా పేర్చింది. ఒక్కో కాగితం మీద వినికిడి కొలిచిన గీతలు, చెవికొకటి. "చూడండి. షుగరు ఉన్నావిడ గీత ఇది. లేనావిడది ఇది. ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయిది, యాభై దాటినావిడది. అన్నిట్లోనూ రెండు చెవులకీ ఇదిగో, ఒకే చోట గుంట పడింది. దూది తీశాక కూడా ఇతనికి గుంట అలాగే ఉంది. వయసుకో కాన్పుకో ఇంతమందికి ఒకే చోట ఇలా పడదు. ఇది చప్పుడు తవ్విన గుంట."

"బాగవుతుందా అమ్మా?" అని అడిగాను.

"పోయింది రాదు. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటివి ఉంటాయి, చప్పుడు దెబ్బకి అవి చచ్చిపోతాయి. మళ్ళీ మొలవవు. ఆ ఈల అందుకే. మిగిలింది మాత్రం కాపాడుకోవచ్చు. చెవి మిషనుతో పాప ఏడుపు వినపడుతుంది. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. ఒక్క చెవిలోనే హోరు వచ్చినా, తల తిరిగినా, ఉన్నట్టుండి వినపడకుండా పోయినా ఆ రోజే రండి. అది వేరే రోగం కావచ్చు."

పోయింది రాదు. ఆ మాట పట్టుకుని బస్సులో ఏడుస్తూ వచ్చాను. పెద్దమ్మ నా వీపు మీద చరిచింది. "ఏడు. ఏడ్చాక కోపం తెచ్చుకో," అంది. బస్సంతా తిరిగి చూసింది.

పద్నాలుగు కాగితాలూ జతచేసి లేబరాఫీసరుకి అర్జీ పెట్టాం. నేనే రాశాను. కండెల అక్కని తిరిగి పనిలోకి తీసుకోవాలి. బయటి డాక్టరుతో పరీక్షలు చేయించాలి. చెవులకి మూతలు ఇవ్వాలి, అరిగిన మగ్గాలు బాగుచేయాలి. చెవి పోయినవాళ్ళకి చెవి మిషను, చప్పుడు లేని పని ఇవ్వాలి, ఇంటికి పంపకూడదు.

పది రోజుల తర్వాత ఒక పొద్దున, మధ్యాహ్నానికి ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ఆ రోజు అద్దాల గదిలో మేనేజరూ మిల్లు డాక్టరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నా మగ్గం నుంచి మేనేజరు మొహం నిండుగా కనపడుతుంది.

"ఆఫీసరు ముందే పరీక్ష పెట్టు," అంటున్నాడు. "ఒక్కొక్కరూ పాసవుతారు. ప్రతి ఏడూ అవుతున్నారుగా. వినపడదని చచ్చినా ఒప్పుకోరు. భయం. ఆ తర్వాత ఆసుపత్రి కాగితాలు చెత్తబుట్టలోకి."

నేను పక్క మగ్గానికి చెప్పాను. అది తర్వాతి మగ్గానికి వెళ్ళింది. మేస్త్రీ షెడ్డు మధ్యలో నడుస్తూనే ఉన్నాడు, అతనికి ఏమీ తెలియలేదు. షెడ్డు చివరిదాకా పాకడానికి రెండు నిమిషాలు పట్టింది.

భోజనాల వేళ కుళాయిల దగ్గర గొడవ పడ్డాం.

"వినపడదని చెబితే అన్‌ఫిట్ అంటారు. నా పిల్లలకి నువ్వు పెడతావా?" అంది ఒకావిడ నాతో.

"నాకూ పిల్ల ఉంది వదినా."

"మరి తెలియదా నీకు?"

"తెలుసు. దాని ఏడుపు నాకు వినపడదనీ తెలుసు."

పెద్దమ్మ మధ్యలో వచ్చింది. "ఒకదాన్ని అన్‌ఫిట్ అంటాడు. పదిమందిని అంటాడు. షెడ్డు మొత్తాన్ని అంటే రేపు మగ్గాలు ఎవరు నడుపుతారమ్మా, ఆ మేనేజరు వాళ్ళావిడొచ్చి నడుపుతుందా?"

"పెదాలు కనపడితే నోరు దానంతటదే చెప్పేస్తుంది, అలవాటు. అప్పుడెలా?" అన్నారెవరో.

ఆసుపత్రి గాజు గది నాకు గుర్తొచ్చింది. "కళ్ళు మూసుకుందాం," అన్నాను. "ముందు నేను వెళ్తాను."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

గోదాములో బల్ల వేశారు. ఆఫీసరు, పక్కన మేనేజరు, ఎదురుగా డాక్టరు. మా షిఫ్టు మొత్తం, నలభై ఏడు మందిమి, గోడవార వరసగా నిలబడ్డాం. నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. డాక్టరు నన్ను చూసి తలాడించాడు. నోరు తెరవబోయాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

చీకటి, ఈల. ఇంకేమీ లేదు. అంతసేపు ఎప్పుడూ కళ్ళు మూసుకుని కూర్చోలేదు నేను, పాపని కన్నాక. ఎవరో భుజం తట్టారు. కళ్ళు తెరిస్తే ఆఫీసరు వంగి ఉన్నాడు.

"కళ్ళెందుకు మూసుకున్నావమ్మా? ఆయన ఆరు మాటలు చెప్పాడు."

"చెవుల పరీక్ష కదండీ. కళ్ళ పరీక్ష కాదు కదా."

పక్కకి వచ్చి నిలబడ్డాను. పెద్దమ్మ వెళ్ళి కూర్చుంది, కళ్ళు మూసుకుంది. తర్వాత ఫిట్టరన్న. తర్వాత కుళాయి దగ్గర నాతో పోట్లాడిన వదిన. డాక్టరు తాళం అన్నాడు, నీళ్ళు అన్నాడు, ఎవరూ పలకలేదు. ఆఫీసరు రాసుకుంటున్నాడు.

అప్పుడు మేనేజరు కుర్చీలోంచి లేచాడు. ఆఫీసరుకి వినపడకూడదు కాబట్టి గొంతు ఎత్తలేదు. వరస వైపు తిరిగి పెదాలు మాత్రం కదిపాడు. మా భాష ఆయనకీ ఇన్నేళ్ళలో కాస్త అబ్బింది. వరసలో ఉన్న నలభై మూడు మందీ ఒక్కసారే కళ్ళు మూసేసుకున్నారు. ఆయన ముందుకెళ్ళి ఒక్కొక్కరి మొహం ముందూ ఆగి, పళ్ళు బిగించి అదే మాట గొణుగుతున్నాడు. ఎవరికీ అందడం లేదు. గోడకి చెప్పుకున్నట్టుంది. ఒకావిడకైతే నవ్వు ఆగక బుగ్గలు ఉబ్బాయి.

"ఏం చెబుతున్నారు మీరు వాళ్ళకి?" అన్నాడు ఆఫీసరు.

"ఏం లేదు సార్. భయపడొద్దని."

నా పరీక్ష అయిపోయింది. నా కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆయన పెదాలు కనపడుతూనే ఉన్నాయి. నేను పైకి, గొంతెత్తి చదివాను.

"కళ్ళు మూసుకున్న ప్రతి ఒక్కరినీ రేపు గేటు బయట నిలబెడతాను. మీ పిల్లలు అడుక్కు తింటారు. ముందా పిల్లతల్లి సంగతి చూస్తాను. ఇదండీ ఆయన చెబుతున్నది."

ఆఫీసరు మేనేజరు మొహం చూశాడు, నా మొహం చూశాడు. కలం తీసి అది కూడా రాశాడు.

రాస్తే ఏమైంది? విచారణ అన్నారు. మర్నాడు పొద్దున గేటుకి పేర్లు అంటించారు. ఏడుగురు. మొదటి పేరు నాది. మిగతా నలభై మందీ ఆ కాగితం చదివారు, చదువు రానివాళ్ళకి చదివి వినిపించారు, లోపలికి వెళ్ళలేదు. రెండో షిఫ్టు వచ్చింది, అదీ వెళ్ళలేదు. షెడ్డు కట్టాక మొదటిసారి పనిరోజు పగటిపూట మగ్గాలు ఆగాయి. కండెల అక్క కర్ర ఊతంగా గేటుకి అడ్డంగా నిలబడింది. పోలీసులొచ్చి ముందు ఆమెని, తర్వాత నన్నూ పెద్దమ్మనీ వ్యాను ఎక్కించారు. పెద్దమ్మ స్టేషనుదాకా మాట్లాడుతూనే ఉంది. ఇనస్పెక్టరు చెవులు మూసుకున్నాడు.

మూడో రోజు వదిలారు. మగ్గాలు ఇంకా ఆగే ఉన్నాయి. ఇది రాస్తున్న ఇవాళ్టికి పదకొండో రోజు.

నిన్న నూలు షెడ్డు నుంచి ఐదుగురు మా ఇంటికి వచ్చారు. వాళ్ళ చీటీల్లోనూ గుబిలి, బీపీ, వంశం. ఆదివారం సభ పెట్టుకుంటున్నారట, ఆసుపత్రిలో పరీక్ష ఎలా చేస్తారో చెప్పమన్నారు. కాలేజీ పిల్లలూ వస్తామన్నారు. పాపని చంకనేసుకుని వెళ్తున్నాను. మేనేజరు మనుషులు కూడా వస్తారని చెప్పారు. రానివ్వండి. ఆయన్నే రమ్మనండి, ముందు వరసలో కూర్చోబెడతాం. ఇన్నేళ్ళూ చప్పుడు చొరని అద్దాల గదిలో ఉన్నాడు కాబట్టి ఆయన చెవులు బాగానే ఉంటాయి.