జంటలో మిగిలిన డిస్కు

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో పట్టేంత ఉంటాను. నా లోపల అద్దాల్లాంటి పళ్లేలు గిర్రున తిరుగుతాయి. ఏ దేశంలో పుట్టానో నా మీద అంటించిన కాగితానికే తెలుసు. నాకు జ్ఞాపకమున్నది జమ్మికుంటలో ఓదెలు నడిపే పెళ్లి వీడియోల స్టూడియోనే.

ఓదెలు నన్ను ఎంచుకున్నది వేగం కోసం. కొత్త కంప్యూటర్‌లో నాతోపాటు నాలాంటి ఇంకో డిస్కును బిగించి, ఇద్దరినీ జంట కట్టించాడు. ప్రతి బొమ్మలో ఒక ముక్క నేను రాసుకుంటే, తరువాతి ముక్క అది రాసుకునేది. అందుకే పని రెండింతలు త్వరగా అయ్యేది.

"ఒకటి పోతే రెండూ పోయినట్టే అన్నా. కాపీకి ఇంకోటి తీస్కో," అన్నాడు అమ్మినవాడు.

"పెండ్లిండ్ల సీజన్ దాటనియ్యి, చూద్దాం తియ్," అన్నాడు ఓదెలు.

మనుషులకు పెళ్లి ముగియగానే వీడియో కావాలి. ఇచ్చాక ఒక్కసారి చూసి బీరువాలో పెడతారు. ఆ తొందర కోసమే మేం తిరిగాం.

ఆ తొందరలో అఖిల అనే పిల్ల ఓణీల ఫంక్షన్ వీడియో వెనకబడింది. అక్షింతలు పడుతుంటే ఆ పిల్ల కళ్లు మూసుకుని, "అమ్మా, కండ్లల్ల పడ్తున్నయే!" అని నవ్వింది. అది మా ఇద్దరిలోనే ఉంది. కెమెరా కార్డును ఎప్పుడో ఇంకో పెళ్లి కోసం తుడిచేశారు.

వానాకాలంలో అఖిల జ్వరమొచ్చి చనిపోయింది. కొన్నాళ్లకు తల్లి స్వరూప స్టూడియోకు వచ్చింది.

"పాటలేం వద్దు తమ్మీ. ఉన్నదున్నట్టు ఇయ్యి. పిల్ల మాట ఇనవడితే సాలు."

"గట్లెట్లిస్తనక్కా? ఎల్లుండి రా, మంచిగ చేసిస్త."

మంచి మనసుతోనే అన్నాడు. మరునాడు వీడియోలో అఖిల చుట్టూ రాలే పువ్వులు పేరుస్తుండగా, నా జంట టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. హైదరాబాద్‌కు పంపినా లాభం లేకపోయింది.

స్వరూప మళ్లీ వచ్చింది. ఓదెలు తల ఎత్తకుండానే జరిగింది చెప్పాడు. ఆమె నా వైపు చూసింది.

"గిది మంచిగనే ఉన్నదంటివి గదా. గిండ్ల ఏమున్నది?"

"సగమక్కా."

"సగమన్నా ఇయ్యి తమ్మీ."

ఆ సగంలో ఒక్క నవ్వు కూడా నిండుగా లేదని ఆయన చెప్పలేకపోయాడు. నన్ను విప్పి ఆమె చేతిలో పెట్టాడు.

ఇప్పుడు అఖిల ఓణీ మడతల్లో ఉంటున్నాను. ఆ ఇంట్లో కంప్యూటర్ లేదు. నాకు ఏ జబ్బూ లేదు, కరెంటు ఇస్తే ఇప్పటికీ అంతే వేగంగా తిరుగుతాను. అప్పుడప్పుడు స్వరూప నన్ను తీసి చెవికి ఆనించుకుంటుంది. ఊపిరి బిగబట్టి వింటుంది. తరువాత కొంగుతో తుడిచి, మళ్లీ మడతల్లో పెడుతుంది.