హంతకుడెవరో చెప్పేయనా?

బాల్కనీ ఆఖరు వరుస దాకా ఊడ్చి, లైటు తాత నడుము పట్టుకుని నిలబడ్డాడు. కుర్చీల కింద ఎప్పటి చెత్తే. పల్లీల పొట్టు, చింపిన టికెట్లు, ఒక పసిపిల్ల చెప్పు. చెప్పు తీసి కిటికీ గూట్లో పెట్టాడు, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని. రేపటి నుంచి ఈ సినిమా హాలు మూతే, ఎవరొచ్చినా తలుపు తీసేవాడు ఉండడు. ఆ సంగతి గుర్తొచ్చింది గాని చెప్పును అక్కడే ఉండనిచ్చాడు.

అసలు పేరుతో ఆయనను పిలిచేది జీతాలిచ్చే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ లైటు తాత. చీకట్లో ఆలస్యంగా వచ్చినవాళ్లకు కుర్చీ చూపించడం, సీటు కోసం కొట్లాడేవాళ్లను సర్దిచెప్పడం, ఆట ముగిసే ముందు తలుపుల గడియలు తీసి, కిందికి దిగి గేటు దగ్గర తోపులాట ఆపడం. బతుకంతా ఇదే పని. మోకాళ్లు అరిగిపోయాయి. చేతిలోని టార్చిలైటు రేకు కూడా బొటనవేలు ఆనేచోట రంగు పోయి తెల్లబడింది.

మధ్యాహ్నం ఆటకు పాత హిందీ బొమ్మ. పొగమంచు కొండమీద బంగళా, అందులో ప్రేమించుకున్న జంట, పిల్లను పెంచిన పిన్ని, నవ్వుమొహం డాక్టరు, ఉన్నట్టుండి ఒక శవం. నేరం ప్రేమికుడి నెత్తిన పడుతుంది. జనం మరిచిపోయారనుకున్నప్పుడల్లా యజమాని దాన్ని మళ్లీ తెచ్చి వేసేవాడు, హాలు మళ్లీ నిండేది. మూసేసే రోజున కూడా అదే వేయమన్నాడు.

అన్నిసార్లు ఆడినా లైటు తాత దాని ఆఖరు చూడలేదు. హంతకుడు బయటపడే వేళకు ఆయన కింద గేటు దగ్గర ఉండాలి మరి. ఒకసారి పంతం పట్టి, సెలవు పెట్టి, టికెట్టు కొనుక్కుని కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఏం రాతో!

ఆయన భార్య మాత్రం పెళ్లికి ముందే చూసేసింది. కాపురంలో ఆమెకు అదే బ్రహ్మాస్త్రం. ఆయన కూరకు వంక పెట్టినా, చుట్టాల ముందు గొంతు పెంచినా ఒకటే మాట.

"నోరు మూస్తావా, హంతకుడెవరో చెప్పేయనా?"

"వద్దే తల్లీ, నీకు దణ్ణం పెడతా!" అని ఆయన చెవులు మూసుకునేవాడు.

ఇద్దరికీ హిందీ ముక్క రాదు. మొహాలు చూసి తేల్చుకోవడమే. "ఆ డాక్టరేనే! అంత తియ్యగా నవ్వేవాడు మంచివాడెలా అవుతాడు?" అని ఆయన వాదన. ఆమె ఔననదు, కాదనదు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని ఊరుకునేది.

ఒక్కగానొక్క కూతురు జ్వరంతో చనిపోయిన ఏడాది ఆ ఇంట్లో మాటలే లేవు. ఆయన కంచం ముందు కూర్చోవడం, ముద్ద నోట పెట్టకుండానే లేచిపోవడం. ఒకరోజు ఆమె కంచం మళ్లీ ఆయన ముందుకు తోసి, ఏడుస్తూనే అంది. "తింటావా, చెప్పేయనా?" ఆయన తిన్నాడు.

ఇవాళ ఆటకు ఆమె కూడా వచ్చింది. పెట్టెలోంచి తీసిన మంచి బట్టలు కట్టుకుని, కొత్తచోటికి వచ్చినదానిలా మెట్ల దగ్గర నిలబడింది. మేనేజరు చూసి నవ్వాడు.

"తాతా, ఇవాళ గేటు నేను చూసుకుంటాలే. మీరిద్దరూ కూర్చుని హాయిగా బొమ్మ చూడండి."

వెనక వరుసలో కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఆయనకు ఎడమ భుజం లాగేస్తోంది. ఊడ్చినందుకేలే అనుకున్నాడు.

"నీకు తెలిసిన కథే కదే, ఎందుకొచ్చావు?"

"డాక్టరు సంగతి తేలేటప్పుడు నీ మొహం చూద్దామని."

"తేలిపోయాక నన్నింకేం పెట్టి బెదిరిస్తావు?"

ఆమె నవ్వింది గాని, ఆ సంగతి అంతవరకు తట్టనే లేదు. కాస్త దిగులేసింది.

బొమ్మ పడింది. చీకట్లో ఎవరో తడుముకుంటూ వస్తుంటే ఆయన అలవాటుగా లేవబోయాడు. ఆమె చొక్కా పట్టి లాగింది.

"కూర్చోవయ్యా. వాళ్లకు కళ్లున్నాయి. చెమటలేంటి అలా పోస్తున్నాయి?"

"మెట్లెక్కాను కదా" అన్నాడు ఆయన.

పాటలు అయ్యాయి, శవం దొరికింది, ప్రేమికుడు పారిపోయాడు. చివరికి ఇన్‌స్పెక్టరు అందరినీ బంగళా హాల్లో నిలబెట్టాడు. లైటు తాత ఆమె వైపు వంగి గుసగుసగా అన్నాడు.

"ఇదిగో, ఎప్పుడూ ఇక్కడే లేచి వెళ్లిపోయేవాణ్ణి."

"ఇంక వెళ్లకు" అందామె.

కాసేపటికి ఆయన తల ఆమె భుజంమీద వాలింది. ఒళ్లు మండింది ఆమెకు. "ఏమయ్యా! నిద్రపోయేది ఇప్పుడా?" అని కుదిపింది. ఆయన చెయ్యి ఒళ్లోంచి జారింది, టార్చిలైటు కిందపడి వెలిగింది. ఆమె ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. మళ్లీ చూసింది. కేక నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

తెరమీద బేడీలు హీరోయిన్ పిన్నికి పడ్డాయి. అన్నం పెట్టి పెంచిన పిన్ని. డాక్టరు, పాపం, ఓ మూల నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటూ ఏడుస్తున్నాడు.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. ముందువాళ్లకు ఆఖరు చెడకుండా, చాలా నెమ్మదిగా చెప్పింది.

"నువ్వే గెలిచావయ్యా. డాక్టరే."

అది అబద్ధమని హాలంతా చూస్తూనే ఉంది.

మేనేజరు వేళకే తలుపులు తీశాడు. తాత ఆఖరికి తీరిగ్గా కునుకు తీస్తున్నాడనుకుని జనం చప్పుడు చేయకుండా పక్కనుంచి వెళ్లిపోయారు. ఆమె భుజం కదపకుండా అలాగే కూర్చుంది. హాలు లైట్లన్నీ వేసినా, ఆయన పొద్దున ఊడ్చిన నేలమీద, ముందు కుర్చీ కిందికి దొర్లిన టార్చిలైటు ఇంకా వెలుగుతూనే ఉంది.