బీరువాలో పొగమంచు

నవంబరు వచ్చిందంటే కొండమీది వెర్లియే ఊళ్లో పొగమంచు మడతలు మొదలవుతాయి. లోయలోంచి పైకొచ్చిన మంచును పొద్దున్నే ఇద్దరేసి మనుషులు చెరో కొసా పట్టుకుని, దులిపి, దుప్పట్లలాగే మడిచి బీరువాల్లో పెట్టుకుంటారు. జున్ను ఎండిపోకుండా కప్పడానికీ, పసిపిల్లలకు జ్వరమొస్తే నుదుటిమీద వెయ్యడానికీ పనికొస్తుంది. మడిచేటప్పుడు మాత్రం నోరు మెదపకూడదు. మాట్లాడితే ఆ మాట మంచులో ఉండిపోయి, విప్పాక అది కరిగేటప్పుడు బయటపడుతుంది. ఒకావిడ మడిచిన మంచును పెళ్లి భోజనాల దగ్గర విప్పితే, ఆడపడుచును తిట్టిన తిట్లన్నీ చుట్టాలంతా విన్నారు.

లియోంటీన్ పెద్దకొడుకు ఫిర్మాన్‌కు నోరు కట్టుకోవడం చేతనయ్యేది కాదు. తల్లితో కలిసి మడుస్తూనే పాడేవాడు, తోటలోని పియర్ చెట్లను పేరుపేరునా తిట్టేవాడు. ఆవిడ కసురుతూనే ఉండేది. అతను పోయాక ఆ మడతలున్న బీరువాకు తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకుంది. విప్పిన మంచును ఎండ తాగేస్తుంది మరి. అందులోని గొంతు ఇక దొరకదు.

ఇప్పుడు తోటను చూసుకునేది కోడలు, ఫిర్మాన్ భార్య సోలాంజ్. వరసగా రెండు వసంతాలు పూత రాత్రిచలికి గడ్డకట్టి మాడిపోయింది. లియోన్ నగరంలో ఉండే మరిది గిల్డాకు తోటలో సగం వాటా ఉంది. నగరం ఎలాగూ కొండెక్కి వస్తోంది, ఇళ్లు కట్టేవాళ్లకు అమ్మేద్దామని అతని గొడవ. ఈసారి కూడా పూత పోతే సంతకం పెడతానని సోలాంజ్ విసుగెత్తి మాటిచ్చేసింది. ఇచ్చిన నాటినుంచి ఆమెకు తిండి సయించలేదు.

ఏప్రిల్లో చెట్లు విరగబూశాయి. వెనకాలే, తేటరాత్రుల చలి పూతను మాడ్చేస్తుందని ఊరంతా భయపడే ఎర్ర చంద్రుడి రోజులూ వచ్చాయి. మబ్బు తునక లేదు, గాలి ఆగిపోయింది. ఆ సాయంత్రం గిల్డా కారులో వచ్చి, బల్లదగ్గర సూప్ తాగుతూ కిటికీలోంచి ఆకాశం చూశాడు.

"ఇంకేముంది వదినా, తెల్లారేసరికి పూలన్నీ నల్లబడతాయి."

"నీ నోట మంచిమాటే రాదా గిల్డా?" అంది సోలాంజ్.

లియోంటీన్ చెంచా బల్లమీద పెట్టి లేచింది. మెళ్లోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచింది.

"ఆ కొస పట్టుకో" అంది కోడలితో.

"వద్దత్తయ్యా. అవి ఆయన మాటలు. మళ్లీ రావు."

"వాడి గొంతును బీరువాలో దాచుకుని, వాడి చెట్లను అమ్ముకోమంటావా? పట్టుకో."

చీకటి పడేలోపు ఇద్దరూ మడత తర్వాత మడత విప్పి, చలి తగలకుండా చెట్లమీద పరిచారు. గిల్డా కాసేపు చేతులు కట్టుకుని చూశాడు. తర్వాత తనే నిచ్చెన తెచ్చాడు.

తెల్లవారేసరికి చుట్టూ గడ్డి తెల్లగా బిగుసుకుపోయి ఉంది. తోటలో మాత్రం పొగమంచు కప్పింది కప్పినట్టే ఉంది. ఎండ తగిలి అది కరుగుతుంటే ఫిర్మాన్ బయటికొచ్చాడు. ఒక వరసలో ఈల, ఇంకో వరసలో పాట. మూలనున్న చెట్టు దగ్గర, "ఏమే ముసలిదానా, ఈ ఏడు కాయకపోతే నిన్ను పొయ్యిలో పెడతా" అన్నాడు. "నోర్ముయ్యరా, మడత పాడవుతోంది" అని లియోంటీన్ పాత కసురు కూడా వినబడింది. "కాస్త నవ్వమ్మా" అన్నాడు ఫిర్మాన్. ముసలావిడ ఏడుస్తూనే నవ్వింది. ఆ మాట కూడా ఎండలో కలిసిపోయింది.

గిల్డా ఒక కొమ్మ వంచి చూశాడు, తర్వాత ఇంకోటి. ఒక్క పువ్వు కూడా చెడలేదు. అమ్మకం మాట అతను మళ్లీ ఎత్తలేదు. సెప్టెంబరులో బుట్టలు చాలక పక్కింటివాళ్ల స్నానాల తొట్టి కూడా తెచ్చి పియర్లు నింపారు. లియోన్ సంతకు సోలాంజ్ తలెత్తుకుని వెళ్లింది.

నవంబరులో మళ్లీ మంచు లేచింది. గిల్డా ఒక కొస, సోలాంజ్ ఒక కొస పట్టుకుని, ఊరి ఆచారం ప్రకారం పెదవులు బిగించి నిలబడ్డారు. గుమ్మంలోంచి లియోంటీన్ కసిరింది.

"ఏం, నోళ్లు పడిపోయాయా? మాట్లాడండి."