పరుపులు దిగిన రోజు

ఇస్త్రీ మామ అప్పుడే ఇస్త్రీ చేసిన దుప్పట్లతోనే అతని మేనల్లుణ్ణి కట్టేశారు.

పరాయి దేశంలో ఆస్పత్రి దుప్పట్లు ఉతికే కర్మాగారం అది. "గోడలు నన్ను తిడుతున్నాయి, ఆపండి" అని పొద్దున్నే మేనల్లుడు యంత్రాల మధ్య కేకలు పెట్టాడు. కాపలావాళ్ళు మైల బట్టల బండిలో పడేసి, కంపెనీ డాక్టరు దగ్గరికి తోసుకుపోయారు.

మధ్యాహ్నం భోజనాల హాల్లో దుబాసీ బల్లెక్కాడు. మామకు బావమరిది, చనిపోయిన భార్యకు తమ్ముడు. చదువుకున్నాడు, ఇక్కడి భాష వచ్చు. మనకో నోరుండాలని అందరూ చేతులెత్తి ఎన్నుకున్నది అతన్నే.

"స్కిజోఫ్రీనియా అనే మనసు జబ్బంట. వలస వచ్చినవాళ్ళలో ఇక్కడివాళ్ళ కంటే ఎక్కువంట. మన రక్తంలోనే ఉందన్నాడు డాక్టరు. రేపు వాణ్ణి విమానం ఎక్కిస్తారు. మీరు కిక్కురుమనకండి."

"రక్తంలోనా?" దుప్పట్లు మడతపెట్టే అక్క లేచింది. "వచ్చేటప్పుడు విమానంలో రక్తం మార్చారా నాయనా? మనమంతా ఒకచోట ఉన్నన్నాళ్ళూ వాడు ఈలేసుకుంటూ పనికొచ్చాడు. మనల్ని వేరే వేరే గదులకు విడదీసి, మాట తెలియనివాళ్ళ మధ్య ఒక్కొక్కర్ని పడేశాకే కదా గోడలు మాట్లాడింది?"

"నువ్వు డాక్టరువా అక్కా?"

"కాదు. నువ్వూ కాదు."

హాలంతా నవ్వింది. మామ నవ్వలేదు. డాక్టరు గదిలో తనూ ఉన్నాడు. పలకరించే దిక్కు లేదని మేనల్లుడు ఏడ్చి ఏడ్చి చెప్పుకున్నదంతా దుబాసీ రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"ఒరేయ్, మమ్మల్ని విడగొట్టమని కంపెనీకి ఎవర్రా చెప్పింది?"

"ఇప్పుడదెందుకు బావా..."

"చెప్పరా."

"కలిసుంటే సమ్మె మాటెత్తుతారా అని అడిగారు. ఎత్తుతారన్నాను, విడదీయమన్నాను. నాకు మాత్రం పెళ్ళాంపిల్లలు లేరా?"

పరాయివాడు కొడితే ఒళ్ళు నొస్తుంది. అయినవాడు అమ్మితే నొప్పి ఎక్కడో చూపించడానికి చోటుండదు.

"మీ అక్క బతికుంటే నీ మొహాన ఉమ్మేది" అన్నాడు మామ. "నేను ఉమ్మను. ఉమ్మి దండగ."

బట్టలారబెట్టే పొట్టివాడు గొణిగాడు. "ఒక్కడి కోసం అందరి పొట్టా కొట్టుకుంటామా మామా?"

"రేపు నీ గోడ మాట్లాడితే?" అంది అక్క.

పొట్టివాడు తల దించుకున్నాడు. "ఎప్పట్నుంచో మాట్లాడుతోందక్కా. భయపడి చెప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. మామ పైనున్న తన గదికి వెళ్ళి పరుపు భుజాన వేసుకొచ్చి, హాలు మధ్యలో పరిచాడు.

"వాణ్ణి పంపడానికి వీల్లేదు. మందు ఇక్కడే ఇప్పించాలి, పక్కన మన మనిషుండాలి. మనమంతా ఒక్కచోటే పడుకోవాలి. అప్పటిదాకా ఒక్క యంత్రం తిరగదు."

పొట్టివాడి పరుపు దిగింది. అక్కది దిగింది. తర్వాత వరసే. చివరికి మేనల్లుడి గదిలోని వేరే దేశాల కూలీలు మెట్లు దిగారు. ఇన్నాళ్ళూ అతనితో ఒక్క మాట పంచుకోలేనివాళ్ళు. తమ పరుపులతో పాటు అతని పరుపూ మోసుకొచ్చి మామ పక్కన వేశారు.

సాయంత్రానికి పోలీసులొచ్చారు. మీ తరఫున మాట్లాడేదెవరని అధికారి అడిగాడు. దుబాసీ అలవాటుగా ముందుకొచ్చాడు. పొట్టివాడు అడ్డం నిలబడ్డాడు.

"నీ నోరు మాకొద్దు. మా నోళ్ళు మాకున్నాయి."

అందరూ ఒక్కసారే అందుకున్నారు, ఎవరి భాషలో వాళ్ళు. మామకు బేడీలు వేసినా ఆ అరుపులు ఆగలేదు. వెనక యంత్రాలు చల్లగా, కదలకుండా నిలబడి ఉన్నాయి.

వ్యాను తలుపు మూశాక కూడా మామకు ఆ గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. అవి గోడలవి కావు.