మూడు రోజుల ఏడాది

"కూర మాడుతున్నట్టుంది, చూడు," అన్నాడు భర్త ముందుగదిలోంచి. లేచి చూసేపాటి తీరిక ఆయనకెక్కడిది! ఆమె పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆయన పరిశోధన వ్యాసం సాయంత్రంలోపు సైన్సు పత్రికకు వెళ్ళాలి. తప్పులు దిద్దే పని ఎప్పటిలాగే ఆమెది.

వ్యాసం ఒక గ్రహం గురించి. ఎక్కడో దూరాన, తన నక్షత్రాన్ని ఒళ్ళు కాలేంత దగ్గరగా చుట్టే పెద్ద వాయుగోళం. మూడు రోజులకే దానికి ఏడాది తిరిగిపోతుంది. పిల్ల పుట్టాక ఆమె పరిశోధనశాల ఉద్యోగం మానేసింది. "ఇంట్లో ఖాళీయేగా, వీటిని కాస్త చూడు," అని ఆయన రోజూ తెచ్చి పడేసిన నక్షత్రాల వెలుగు హెచ్చుతగ్గులు చూపే గీతల్లో ఆ గ్రహాన్ని పట్టింది ఆమే. అది అడ్డొచ్చినప్పుడల్లా నక్షత్రం వెలుగు రవ్వంత తగ్గుతుంది. యంత్రం లోపమనుకుని ప్రోగ్రామ్ దాన్ని కొట్టిపారేసింది. "చెత్త, వదిలెయ్," అన్నాడాయన. "దాని ముందు కూర్చుంటే గిన్నెలు వాటంతటవే కడుక్కుంటాయా?" అంది అత్తగారు. మూడు రోజులకోసారి దుప్పట్లు నానబెట్టే రోజునే గీత కుంగుతోందని ఆమె కనిపెట్టింది. వంటగది క్యాలెండర్ మీద దుప్పట్లకో చుక్క, గ్రహానికో చుక్క. ఎనిమిది నెలలు పెట్టింది. "మన గ్రహం," అని ఆయన ఎగిరి గంతేసిన రోజున ఆమె కూడా పొంగిపోయింది.

ఇప్పుడు వ్యాసం పైన రచయితల పేర్లు మూడున్నాయి. ఆమెది లేదు. చిట్టచివర ఒక వాక్యం ఉంది: "ఓపికగా టీ అందించిన నా భార్యకు కృతజ్ఞతలు."

కోపం కాదు, ఏడుపొచ్చింది. పదకొండేళ్ళుగా ప్రేమించిన మనిషి రాసిన వాక్యమది.

"నా పేరు లేదేంటండీ?" అంది ముందుగదిలోకి వెళ్ళి.

"ఆ మాత్రానికేనా? మనిద్దరిలో ఎవరి పేరుంటే ఏంటే? ఒకటేగా!"

"అయితే మీది తీసేసి నాది పెడదాం."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆమె ముఖం చూసి ఆపాడు. "పిచ్చా నీకు?"

ఒకటి కాదని ఆయనకు ముందునుంచీ తెలుసన్నమాట. తెలియనిది ఆమెకే.

వెనక్కొచ్చి కూర్చుని మిగిలిన తప్పులన్నీ దిద్దింది. టీ వాక్యాన్ని తుడిచేసింది. క్యాలెండర్ పుటలన్నీ ఫోటోలు తీసింది. పత్రికకు తను రాయబోయే ఉత్తరం వెళితే ఇల్లు ఇలా ఉండదని తెలుసు. కన్నీళ్ళు ధార కడుతూనే ఉన్నాయి. ముందుగదిలోంచి "టీ పెట్టావా?" అని వినబడింది.

లేవలేదు. పత్రిక సంపాదకురాలికి మొదటి వాక్యం రాసింది: "ఈ గ్రహాన్ని మొదట చూసింది నేను."